పాత ట్రాక్టరు ఇంజనులోని మడ్డిని తీయు విధము

పాత ట్రాక్టరు గల రైతు వేసవిలో చేసికొనదగిన పనులలో ముఖ్యమైనది ఇంజను అడుగున చేరిన నూనె మడ్డిని తీయుట. ఈ పని అంత కష్టమైనది కాదు. కాని పద్ధతి తెలియక చేసినచో, మడ్డి వలన ఏండ్ల తరబడి జరుగు నష్టము ఒక్క పూటలోనే జరుగును. ఇది మా ఇంటనే జరిగినది గనుక ముందుగా ఆ సంగతి చెప్పెదను.

మా ట్రాక్టరు కొని అప్పటికి 20 ఏండ్లు దాటినది. ఖరీఫు దమ్ములకు ముందు మా నాన్నగారు, నేను కలిసి పాత ఆయిలు తీసివేసి, లోపల శుభ్రపడునని కిరసనాయిలు పోసి ఇంజనును పావుగంట నడిపితిమి. కిరసనాయిలు నల్లగా కారినది. మురికి అంతయు పోయినదని సంతోషించి క్రొత్త ఆయిలు పోసితిమి. మరునాడు దమ్ము చేయుచుండగా ఆయిలు ప్రెజరు పడిపోయినది. మేము గేజి చూచులోపలనే ఇంజను పట్టివేసినది. బేరింగులు కాలిపోయినవి. క్రాంకు షాఫ్టును సానబట్టించి, ఇంజను తిరిగి బిగించుటకు 3 వారములు పట్టినది. ఆ అదనులో అద్దె ట్రాక్టరు దొరకలేదు. 25 రోజులకు నాటవలసిన నారును 45 రోజులకు నాటితిమి. ముదురు నారు పిలకలు సరిగా తొడుగదు. ఆ సంవత్సరము మరమ్మతు ఖర్చు కన్న పంటలో పోయినదే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

ఏమి జరిగినది?

ఇంజను అడుగున ఆయిలు చాంబరు ఉండును. దీనినే సంపు అనియు అందురు. అందులోని నూనెను ఆయిలు పంపు ఒక సన్నని తీగ జల్లెడ ద్వారా పీల్చి, బేరింగులకు పంపును. కిరసనాయిలు తగులగానే ఏండ్ల నుండి గోడలకు అంటియున్న మడ్డి మెత్తబడి, పెళ్లలుగా ఊడినది. కొంత కారిపోయినది. మిగిలినది జల్లెడను మూసివేసినది. చాంబరు నిండ నూనె ఉన్నను బేరింగులకు చుక్క అందలేదు. అదియుగాక కిరసనాయిలు పలుచనిది. తిరుగుచున్న బేరింగుల నడుమ నూనె పొరవలె అది నిలువలేదు.

కనుక మీరు జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రము ఒక్కటే: మడ్డిని ఇంజనులో త్రిప్పి కడుగరాదు, చాంబరు విప్పి, చేతితో బయటకు తీయవలెను.

మడ్డి ఎందువలన చేరును?

డీసెలు మండినపుడు పుట్టు మసి, వేడికి చెడిన నూనె, దుమ్ము, నీటి తేమ కలిసి మడ్డి అగును. ఆయిలు నల్లబడుట మాత్రమే దోషము కాదు. మసిని తనలో పట్టియుంచుటయే నేటి డీసెలు ఇంజను ఆయిలు చేయు పని. పట్టియుంచు శక్తి తీరిన తరువాతను అదే ఆయిలుతో నడిపినచో మసి అడుగునకు దిగి గడ్డకట్టును.

తరచుగా కనబడు కారణములు ఇవి. ఆయిలు, ఫిల్టరు గడువుకు మార్చకపోవుట. గాలి ఫిల్టరును శుభ్రము చేయక నూర్పిడి దుమ్ములో పని చేయించుట. ఇంజను ఊపిరి గొట్టము, అనగా బ్రీదరు, పూడిపోవుట. ఇంజను వేడెక్కుచున్నదని థర్మోస్టాటు వాల్వును తీసి పారవేయుట. ఈ చివరి అలవాటు మన పల్లెలలో తరచుగా చూచుచున్నాము. వాల్వు లేని ఇంజను చాలసేపు చల్లగా నడచును. లోపలి తేమ ఆవిరియై పోక నూనెలో కలియును. మడ్డి త్వరగా పేరుకొనును.

విప్పుటకు ముందు చూడవలసినవి

ఆయిలు పోయు మూత తీసి లోపలి వైపు చూడుడు. నల్లని జిగురు మందముగా అంటియున్నచో చాంబరులోను మడ్డి ఉన్నదని తలంపవచ్చును. నూనె పాలు కలిపిన కాఫీవలె ఉన్నచో నీరు దిగుచున్నది. హెడ్డు ప్యాకింగో, లైనరు రబ్బరు రింగులో చెడియుండవచ్చును. ఆయిలు పోయకయే డిప్‌స్టిక్కుపై మట్టము పెరిగి, డీసెలు వాసన వచ్చుచున్నచో ఇంధనము కారుచున్నది. ఈ రెంటిలో ఏది ఉన్నను ముందు మెకానిక్కు చేత దానిని బాగుచేయించవలెను. లేనిచో మీరు పడిన శ్రమ వృథా యగును.

మరొక హెచ్చరిక. కొన్ని ట్రాక్టర్లలో చాంబరు పోత ఇనుముతో చేసి, బండి ముందు భాగపు బరువును మోయునట్లు అమర్చబడి ఉండును. అట్టి దానిని ఇంటివద్ద విప్పరాదు. విప్పినచో బండి విరిగి మీదపడు ప్రమాదము కలదు. రేకు చాంబరు గలవారు మాత్రమే ఈ క్రింది పనికి పూనుకొనవలెను. సందేహమున్నచో కంపెనీ పుస్తకమును గాని, మెకానిక్కును గాని అడుగవలెను.

పని చేయు పద్ధతి

1. ట్రాక్టరును చదునైన గట్టి నేలపై నిలిపి, పనిముట్టును క్రిందికి దించి, బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుక దిమ్మలు పెట్టవలెను. 10 నిమిషములు నడిపి ఆపి, బ్యాటరీ వైరు తీసివేయవలెను. నూనె గోరువెచ్చగా నున్నపుడు అడుగు బోల్టు విప్పి వెడల్పు పాత్రలోనికి వంపవలెను.

2. చాంబరు బోల్టులన్నియు విప్పి, దానిని మెల్లగా దించవలెను. అడుగు మడ్డిని చెక్క బద్దతో గీకి తీయవలెను. అందులో మెరయుచున్న లోహపు పొరలు కనబడినచో బేరింగులు అరుగుచున్నవని గ్రహించి, పని అక్కడితో ఆపి మెకానిక్కును పిలువవలెను.

3. విప్పిన చాంబరును, జల్లెడను డీసెలుతో బ్రష్షు పెట్టి కడుగవలెను. పెట్రోలు వాడరాదు. నిప్పు, బీడీ దరికి రానీయరాదు. కాస్టిక్ సోడా అల్యూమినియమును తినివేయును గనుక దానిని వాడరాదు. ఇంజను పై భాగములలోని మడ్డిని గీకరాదు. ఊడిన ముక్కలు నూనె దారులలో పడును.

4. నూలు పోగులు ఊడు వేస్టుతో గాక, శుభ్రమైన పాత బనియను గుడ్డతో తుడువవలెను. ఒక్క పోగు చాలును జల్లెడకు అడ్డుపడుటకు.

5. క్రొత్త ప్యాకింగు వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించవలెను. ప్యాకింగుకు పూయు జిగురు ఎక్కువైనచో లోపలికి పొంగి, తెగి, అదియు జల్లెడనే చేరును.

6. క్రొత్త ఫిల్టరు వేసి, పుస్తకములో చెప్పిన రకపు ఆయిలు, చెప్పిన మట్టమునకు పోయవలెను. బ్యాటరీ వైరు తగిలించి, స్టాపు నాబు లాగి పట్టుకొని, స్టార్టరును 10 సెకండ్ల చొప్పున, నడుమ కొంత విరామమిచ్చి, రెండు మూడు మారులు త్రిప్పవలెను. దీనివలన ఇంజను అందుకొనకముందే నూనె బేరింగులకు చేరును. తరువాత స్టార్టు చేసి గేజి చూడవలెను. 10 సెకండ్లలో ప్రెజరు రాకున్నచో వెంటనే ఆపివేయవలెను.

7. పైన మిగిలిన మడ్డి కొద్ది కొద్దిగా క్రొత్త నూనెలో కరగును. కనుక ఈ ఆయిలును, ఫిల్టరును 50 గంటలకే మార్చవలెను. ఇచ్చట పొదుపు పనికిరాదు. అటు పిమ్మట పుస్తకములోని గడువు పాటించిన చాలును.

తీసిన నూనె, మడ్డి

దీనిని కాలువలోను, గట్టుపైనను పోయరాదు. నూనె పట్టిన నేలలో నీరు, గాలి చొరవు. నేలకు మేలు చేయు సూక్ష్మజీవులు చచ్చును. పశువుల గజ్జికి పూయు అలవాటు కొందరికి కలదు. పశువు నాకినచో అది విషము. మీ చేతులకును మంచిది కాదు. వాడిన ఆయిలు తరచుగా అంటుచుండిన చర్మమునకు క్యాన్సరు వచ్చు అవకాశము కలదు. చేతి తొడుగులు వేసికొని, తరువాత సబ్బుతో కడుగుకొనవలెను. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థము. మూతగల డబ్బాలో భద్రపరచి, అనుమతి గల కొనుగోలుదారులకు చేర్చు సర్వీసు కేంద్రమునకు ఇచ్చివేయవలెను.

ఈ పనికి తగిన కాలము రబీ పంట ఇల్లు చేరిన తరువాత, కాలువలకు నీరు రాకముందు. అప్పుడు ఒక దినము ఆలస్యమైనను నష్టము లేదు. నారుమడి పోసిన తరువాత మాత్రము ఇంజను విప్పకుడు. మడ్డి పదిరోజులు ఆగును గాని, నారు ఆగదు.