ఇంజిన్ లోపలి రెండు లెక్కలు

పెట్రోలు ఇంజిన్ బాగా నడవాలంటే రెండు లెక్కలు కుదరాలి. గాలిలో పెట్రోలు ఎంత కలవాలన్నది ఒకటి. ఆ మిశ్రమానికి నిప్పు ఎప్పుడు అంటుకోవాలన్నది రెండోది. కార్బ్యురేటర్ కాలంలో మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో, చెవితో వీటిని సరిచేసేవాడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఆ పని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) చేస్తుంది. మన బంకుల్లో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలైపోయింది. దాంతో ఈ లెక్కలు అందరికీ పనికొచ్చే విషయమయ్యాయి.

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకన్నా తగ్గితే మిశ్రమం ‘రిచ్’, పెరిగితే ‘లీన్’. ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుంటే అంత ఇంధనం పడుతుంది. ఎగ్జాస్ట్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ కాలిన వాయువులను పరీక్షిస్తుంది. ఆక్సిజన్ మిగిలిందంటే ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, మిగల్లేదంటే తగ్గిస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను శుద్ధి చేసే భాగం) 14.7 దగ్గరే బాగా పనిచేస్తుంది. అందుకే మామూలు ప్రయాణంలో ఇంజిన్‌ను ఆ నిష్పత్తి దగ్గరే ఉంచుతారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం శక్తి కోసం, వేడి అదుపు కోసం 12.5–13 దాకా దించుతారు. అలాంటప్పుడు ఈసీయూ సెన్సార్ మీద కన్నా మ్యాప్ (ముందే రాసిపెట్టిన పట్టిక) మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ఇక నిప్పు సంగతి. మంట సిలిండర్ అంతా పాకడానికి కొంత సమయం పడుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో చుట్టుకు 20 మిల్లీసెకన్లు. మంటకు 2 మిల్లీసెకన్లు పట్టినా, ఆలోగా క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వాలి. పిస్టన్ పైనుంచి కాస్త కిందికి దిగాక, సుమారు 15 డిగ్రీల దగ్గర, ఒత్తిడి గరిష్ఠానికి చేరితే మంచి ఫలితం.

స్పార్క్ మరీ ముందైతే, పైకొస్తున్న పిస్టన్‌కు ఒత్తిడి ఎదురుతిరుగుతుంది. వేడి పెరిగి, ఇంకా కాలని మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవచ్చు. ఇదే నాకింగ్. ముదిరితే పిస్టన్ దెబ్బతింటుంది. స్పార్క్ ఆలస్యమైతే శక్తి వేడిగా మారి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజిన్‌కు బిగించిన నాక్ సెన్సార్ నాకింగ్ వల్ల వచ్చే అదురును పసిగట్టగానే ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది.

ఈ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. లీన్ మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది కనుక దానికి స్పార్క్ ముందుగా కావాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. కాబట్టి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు కిలోకు సుమారు 13.5 కిలోల గాలి చాలు. తేడాను ఆక్సిజన్ సెన్సార్ గమనిస్తే ఈసీయూ తన పరిధి మేరకు ఇంధనం పెంచుకుంటుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. మరోవైపు ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, స్పార్క్‌ను ముందుకు జరపడానికి వీలిస్తుంది. అయితే పాత కారు ఈసీయూ మ్యాప్‌లో రాసి ఉన్నంతవరకే జరుపుతుంది. అంటే నష్టం వెంటనే కనిపిస్తుంది, లాభం పూర్తిగా దక్కదు. ఈ ఇంధనం కోసమే కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే మేర) పెంచి రూపొందించిన ఇంజిన్ ఆ నష్టాన్ని కొంత పూడ్చుకోగలదు.

పికప్ కోసం ఈసీయూ రీమ్యాప్ (మ్యాప్‌ను మార్చి రాయడం) చేయించేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. నాసిరకం పెట్రోలును, మే నెల ఎండను తట్టుకోవడానికి కంపెనీ మ్యాప్‌లో కొంత వెసులుబాటు ఉంచుతుంది. రీమ్యాప్‌లో అదనంగా వచ్చే శక్తి చాలావరకు ఆ వెసులుబాటు నుంచి తీసుకున్నదే. మైలేజీ తగ్గిందని అటు వెళ్లేముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సార్ చూపించుకోవడం మంచిది. సెన్సార్ తప్పు చెబితే ఏ మ్యాప్ వేసినా ఈసీయూ తప్పు లెక్కే కడుతుంది.