ఒక్క ఉండ ఊలు... జత సాక్సులు!

నర్సీపట్నంలో సాక్సులంటే బడిపిల్లల బూట్లకే. అక్కణ్నుంచి ఘాట్‌రోడ్డెక్కి లంబసింగి చేరితే మాత్రం లెక్క మారిపోతుంది. మూడు వేల అడుగుల పైనున్న ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నాకు చేరువవుతుంది. మంచు చూడాలని తెల్లారకముందే బయల్దేరేవాళ్లు స్వెటరూ మంకీక్యాపూ సర్దుకుంటారు. పాదాల సంగతే మర్చిపోతారు!

అల్లిక కాస్త వచ్చినవాళ్లు ఆ సాక్సులేవో ఇంట్లోనే సిద్ధం చేసుకోవచ్చు. స్వెటరంత పని కాదు. పెద్దవాళ్ల జతకు వంద గ్రాముల ఊలు సరిపోతుంది. సంచీలో వేసుకుంటే బస్సులోనూ అల్లుకోవచ్చు.

ఏ ఊలు కొనాలి?

రంగు చూసి కొనేస్తే శ్రమంతా వృథా కావచ్చు. ఊలు పేరుతో అమ్మేవాటిలో యాక్రిలిక్‌ ఎక్కువ. చవక, ఉతకడమూ తేలిక. కానీ చెమట పీల్చదు. బూట్లలో పాదం తడిసిందంటే ఆ తడే చలి పుట్టిస్తుంది. అసలైన గొర్రె ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా పెద్దగా తడి తెలియదు. అయితే ఒట్టి ఉన్ని మడమ దగ్గర త్వరగా అరుగుతుంది. అందుకే 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్‌ కలిసిన సన్నటి ఊలు సాక్సులకు పెట్టింది పేరు. లేబుల్‌ చదివి తీసుకోండి. గుచ్చుకుంటుందేమో తెలియాలంటే మెడకు ఆనించి చూడండి. మైదానంలో వాడకానికి నూలు హాయి. కాకపోతే సరిగా సాగదు కాబట్టి కాస్త లైక్రా కలిసినది ఎంచుకోవాలి.

ముందు చిన్నవి...

తొలి ప్రయత్నానికి పసిపిల్లల సాక్సులు మేలు. త్వరగా పూర్తవుతాయి, ఉత్సాహం నిలుస్తుంది. లోపల వేలాడే పోగులు మాత్రం బుజ్జి వేళ్లకు చుట్టుకోకుండా కుట్టేయాలి.

తర్వాత లావు ఊలుతో తాతయ్యకో, అమ్మమ్మకో పడుకునేటప్పుడు వేసుకునేవి అల్లవచ్చు. నున్నటి టైల్స్‌ మీద ఇవి జారతాయి. కాబట్టి మంచం దిగేముందు తీసేయాలి.

చేయి తిరిగాక సన్న ఊలు పట్టుకోండి. అల్లుతున్నకొద్దీ దానంతటదే రంగు మారుతూ చారలు పడే ఊలు ఉంటుంది. తర్వాత ఏ రంగు వస్తుందోనన్న కుతూహలమే చేతుల్ని నడిపిస్తుంది! డిజైన్లు వేస్తే పాదం పైభాగానికే పరిమితం చేయండి. అరికాలు కింద బొడిపెలుంటే నడవలేరు.

కొలత తప్పితే...

నరసాపురం లేసులో కనిపించే క్రోషె కన్నా సూదుల అల్లిక ఎక్కువ సాగుతుంది. అందుకే పాదం చుట్టుకొలతకు పదో వంతు తగ్గించి అల్లాలి. ముందు చిన్న ముక్క అల్లి లెక్కపెట్టండి. పది సెంటీమీటర్లకు 30 కుట్లు వచ్చాయనుకుందాం. పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే 20కి అల్లాలి. అంటే 60 కుట్లు.

ఇక అసలు చిక్కు రెండో సాక్సు! ఒకటి పూర్తయ్యాక చాలామంది పక్కన పడేస్తారు. రెండు సెట్ల సూదులు పెట్టుకుని, ఒకదాని అంచు కాగానే రెండోదాని అంచు, ఒకదాని మడమ కాగానే రెండోదాని మడమ అల్లుకుంటూ పోతే రెండూ ఒకేసారి ముగుస్తాయి. ఈ నవంబరులో మొదలుపెడితే జనవరి మంచుకు జత సిద్ధం!