ప్రశ్న దాచి జవాబు అచ్చేసిన బొమ్మలు

1934లో బ్రిటన్ గోడల మీదికి ఒక పోస్టర్ ఎక్కింది. పెద్ద ఇనుప గర్డరును ఒక మామూలు పనివాడు ఒంటరిగా, ఆడుతూ పాడుతూ మోసుకుపోతుంటాడు. బొమ్మతో పాటు మూడే మాటలు. బలం కావాలంటే గిన్నిస్ తాగమని వాటి భావం. గీసినవాడు జాన్ గిల్‌రాయ్. బొమ్మ జనం నోళ్లలో ఎంతగా నానిందంటే, పబ్బుకు వెళ్లి బీరు పేరు చెప్పకుండా ‘ఒక గర్డరు ఇవ్వు’ అని అడిగేవారని చెప్పుకుంటారు. ఇవాళ ఇలాంటి పాత బీరు పోస్టర్లను వేలంపాటల్లో పోటీపడి కొంటున్నారు. వాటి నకళ్లు హోటళ్ల గోడల మీదా, కాఫీ కప్పుల మీదా, టీ షర్టుల మీదా కనిపిస్తాయి. వాటి అందం గురించి ఎవరికీ పేచీ లేదు, నాకూ లేదు. కానీ అందం దగ్గరే ఆగిపోతే వాటిలోని సగం చరిత్ర మన చేతికి రాదు. ప్రతి పాత బీరు పోస్టరూ ఎవరో వేసిన నిందకు కంపెనీ చెప్పుకున్న జవాబు. జవాబు మాత్రం రంగుల్లో అచ్చయింది, నింద కాగితం మీదికి రాలేదు. ఆ కనిపించని నింద ఏమిటో వెతుక్కుంటూ చూస్తే బొమ్మ మొత్తం మరోలా అర్థమవుతుంది.

అసలు బీరుకు బొమ్మ ఎందుకు కావలసివచ్చింది? వందల ఏళ్లపాటు బీరు ఊళ్లోనే కాచి ఊళ్లోనే తాగే సరుకు. కాచినవాడి ముఖం తాగేవాడికి తెలుసు. పులిస్తే నిలదీయొచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చాయి. బీరు ఎందుకు పాడవుతుందో లూయీ పాశ్చర్ తేల్చి 1876లో పుస్తకమే రాశాడు. చల్లబరిచే యంత్రాలు వచ్చాయి. 1892లో విలియం పెయింటర్ అంచులు ముడతలుపెట్టిన రేకు మూతకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ సోడా సీసాల మీద చూస్తున్నది ఆ మూతనే. దాంతో బీరు వందల మైళ్లు ప్రయాణించగలిగింది, కానీ కాచినవాడి మంచిపేరు అంత దూరం వెళ్లలేదు. ఇది అసలు సరుకేనా, కల్తీయా అన్నదే తాగేవాడి మొదటి అనుమానం. దానికి ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు బాస్ కంపెనీ చెప్పిన జవాబు ఒక ఎర్ర త్రికోణం. 1876 జనవరి 1న బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల నమోదు మొదలైతే మొట్టమొదట నమోదైన గుర్తు అదే. 1882 నాటి ‘ఫోలీ బెర్జేర్ బార్’ చిత్రంలో ఎదువార్ మానే గీసిన సీసాల మీద కూడా ఆ ఎర్ర త్రికోణం స్పష్టంగా కనిపిస్తుంది. చదువు రానివాడు సైతం దూరం నుంచి పోల్చుకోగలిగిన ఆ లేబుల్ నుంచే పోస్టర్ పుట్టిందనుకోవచ్చు.

గోడంత బొమ్మ వేయాలంటే అచ్చు పద్ధతి కూడా మారాలి. బవేరియాకు చెందిన అలోయిస్ సెనెఫెల్డర్ పద్దెనిమిదో శతాబ్దం చివర కనిపెట్టిన రాతి అచ్చు అందుకు దారి చేసింది. నున్నటి సున్నపురాతి పలక మీద జిడ్డు సుద్దతో బొమ్మను అద్దంలో కనబడినట్టు తిరగేసి గీస్తారు. తరవాత రాయిని తడుపుతారు. జిడ్డున్నచోట నీరు నిలవదు, నీరున్నచోట సిరా అంటదు. ఇంతే కిటుకు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఎరుపు రాయి మీది బొమ్మ పసుపు రాయి మీది బొమ్మతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అసలు రాతి అచ్చు పోస్టర్‌ను భూతద్దం కింద పెట్టి చూస్తే సుద్ద గరుకుదనం, చేతి ఊపు కనిపిస్తాయి. తరవాతి కాలపు నకలును అలాగే చూస్తే వరసలు తీరిన సన్నటి చుక్కలు కనిపిస్తాయి. కొనేవాళ్లు మొదట చూసుకునేది ఇదే. ఈ విద్య మనకు పరాయిదేమీ కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు ఇదే పద్ధతిలో లక్ష్మినీ సరస్వతినీ అచ్చేసింది. మన ఇళ్ల దేవుడి పటాలూ ఐరోపా బీరు బొమ్మలూ సాంకేతికంగా ఒక తల్లి బిడ్డలే.

ఆ రాతి అచ్చుకు అందమైన ఉదాహరణ 1897లో ఆల్ఫోన్స్ ముకా ‘బియేర్ ద లా మ్యూజ్’ అనే ఫ్రెంచి బీరు కోసం గీసిన పోస్టర్. నురుగు పొంగే బీరు పాత్ర దగ్గర ఒక యువతి. ఆమె జుట్టులో ఎర్రటి గసగసాల పూలు, బార్లీ వెన్నులు, ఆకుపచ్చ హాప్స్ కాయలు అల్లుకుని ఉంటాయి. కంటికి ముందు ఆమె కనిపిస్తుంది, తరవాతే బీరు. ఎందుకిలా? ఫ్రాన్సు ద్రాక్షసారా దేశం. ఫిలోక్సెరా పురుగు ద్రాక్షతోటలను నాశనం చేశాక బీరుకు కొంత చోటు దొరికింది. కానీ 1871లో జర్మనీ చేతిలో ఓడి, బీరుకు పేరుపొందిన అల్సాస్‌ను పోగొట్టుకున్న దేశంలో బీరంటే శత్రువు తాగే పానీయం, ఫ్యాక్టరీలో కాచే సరుకు. ముకా బొమ్మ ఆ మాట ఎత్తకుండానే దాన్ని తుడిచేస్తుంది. ఇది మన పొలంలో పండింది, మన మ్యూజ్ నది ఒడ్డున పుట్టింది అని ఆ పూలూ వెన్నులూ చెబుతాయి. ఇది నా ఊహ కావచ్చు గానీ, పూలు అన్ని ఉండగా పొలంలో పెరిగేవాటినే ఏరి ఆమె తలలో తురమడం యాదృచ్ఛికమని అనుకోలేను.

అమెరికాలో ఇదే పని ఇంకా మొరటుగా జరిగింది. 1896లో సెయింట్ లూయిస్‌లోని ఆన్‌హైజర్ బుష్ కంపెనీ ‘కస్టర్ చివరి పోరు’ అనే పెద్ద బొమ్మను అచ్చేయించి సెలూన్లకు, అంటే అక్కడి బార్లకు, పంచింది. లక్షన్నరకు పైగా ప్రతులు వెళ్లాయి. కాసిల్లీ ఆడమ్స్ వేసిన చిత్రాన్ని ఆధారం చేసుకుని ఒట్టో బెకర్ రాతి అచ్చుకు గీశాడు. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ వీరులు అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని తుడిచిపెట్టిన ఘట్టం అది. బొమ్మలో బీరు చుక్క లేదు. కంపెనీ పేరు అడుగున ఉంటుంది. కస్టర్ పొడవాటి జుట్టుతో కత్తి ఝళిపిస్తూ నిలబడి ఉంటాడు. నిజానికి ఆనాడు అతని జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, దళం కత్తులు వెంట తీసుకెళ్లనే లేదు. ఆదివాసుల్లో కొందరి చేతిలో ఆఫ్రికాలోని జులూల డాళ్లను పోలినవి ఉన్నాయి. తమ నేల కోసం పోరాడి గెలిచినవాళ్లను ఇలా తప్పుడు వేషంలో చూపిన బొమ్మే రెండు మూడు తరాల అమెరికన్లకు ఆ యుద్ధమంటే ఏమిటో నేర్పింది. దీన్ని చిన్న తప్పుగా నేను తీసిపారేయలేను. మరి బీరు కంపెనీకి ఈ యుద్ధంతో ఏం పని? 1874లో మొదలైన క్రైస్తవ మహిళల మద్యవ్యతిరేక సంఘమూ, 1893లో వచ్చిన యాంటీ సెలూన్ లీగూ సెలూన్‌ను సంసారాలు కూల్చే చోటని వేలెత్తి చూపుతున్నాయి. పైగా బీరు కంపెనీల యజమానులు చాలామంది జర్మనీ నుంచి వచ్చినవాళ్లు. అడాల్ఫస్ బుష్ కూడా అంతే. సెలూన్ గోడ మీద అమెరికా సైనికుడి వీరమరణం వేలాడుతుంటే ఆ చోటు దేశభక్తుల చోటవుతుంది. కంపెనీ నోరు విప్పకుండానే జవాబు చెప్పేసింది.

మళ్లీ గిన్నిస్ దగ్గరకు వద్దాం. 1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ స్థలాన్ని ఏడాదికి 45 పౌన్ల అద్దెకు 9000 ఏళ్ల కౌలుకు తీసుకున్న నాటి నుంచి ఆ బీరు తన రుచి మీదే బతికింది. మొదటి ప్రపంచ యుద్ధంతో బ్రిటన్‌లో పరిస్థితి మారింది. పబ్బులు తెరిచే వేళలు కుదించారు, పన్నులు పెరిగాయి, మొత్తంగా బీరు తాగడమే తగ్గింది. అమ్మకాలు పడిపోతుంటే కంపెనీ ఎస్.హెచ్. బెన్సన్ అనే ప్రకటనల సంస్థకు పని అప్పగించింది, 1929లో దేశమంతా ప్రకటనలు మొదలయ్యాయి. గిన్నిస్ మీకు మంచి చేస్తుందనే నినాదం అప్పుడు పుట్టిందే. 1934 గర్డరు బొమ్మను ఈ నేపథ్యంలో చూడాలి. అంతకుముందు ఏడాదే బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షల దాకా వెళ్లింది. తాగుడు కూలివాడి ఒంట్లో సత్తువ తీసేస్తుందన్నది మద్యవ్యతిరేకుల పాత ఆరోపణ. పని లేక, ఒంట్లో బలం ఉడిగిన మనిషికి ఆ బొమ్మ చెప్పింది సరిగ్గా అందుకు విరుద్ధం. బొమ్మలోని నవ్వు మనకు ఇవాళ హాయిగా అనిపిస్తుంది. ఆనాటి పాఠకుడికి అదొక వాగ్దానం, అది కూడా నిలబెట్టుకోలేని వాగ్దానం. 1935లో గిల్‌రాయ్ జూ జంతువులను తెచ్చాడు. సీ లయన్ ముక్కు మీద గిన్నిస్ గ్లాసును నిలబెట్టి ఆడుతుంటే జూ కాపలాదారు లబోదిబోమంటుంటాడు. పెద్ద ముక్కు టూకాన్ పక్షి వచ్చింది, ఆస్ట్రిచ్ వచ్చింది, కంగారూ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆగి చూసి నవ్వుకునే బొమ్మలవి. నా లెక్కలో గర్డరు కంటే టూకాన్ పక్షి గట్టి జవాబు. బలమిస్తుందా అని ప్రశ్నించొచ్చు. టూకాన్‌ను ఏమని ప్రశ్నిస్తాం?

ఇదంతా బొమ్మలో లేనిది వెతకడమేనని కొందరు అంటారు. గిల్‌రాయ్ సర్కస్‌లో సీ లయన్ విన్యాసాలు చూశాడు, సరదాగా గీశాడు, అంతే కదా అంటారు. ఆ సంగతి నిజమే, ఆ కాపలాదారు ముఖం కూడా గిల్‌రాయ్‌దే అంటారు. కానీ చిత్రకారుడికి ఆలోచన ఎక్కడ తట్టిందన్నది ఒకటి, కంపెనీ ఆ బొమ్మకే ఏళ్ల తరబడి డబ్బు ఎందుకు పోసిందన్నది మరొకటి. నేను అడుగుతున్నది రెండోది. ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. ఆ రోజుల్లో బీరు మంచిదని అందరూ నమ్మారు, డాక్టర్లూ నమ్మారు, ఈనాటి వైద్యంతో ఆనాటివాళ్లను తప్పుపట్టడం న్యాయమా? నమ్మకం పాతదేనని ఒప్పుకోవాలి. 1751లో విలియం హోగార్త్ గీసిన జంట చిత్రాల్లో జిన్ తాగే వీధి శవాల దిబ్బ, బీరు తాగే వీధి కళకళలాడే సంత. అయితే గిన్నిస్ విషయంలో ఒక సంగతి మరవలేం. అంకెలను పరీక్షించడంలో ఆ బ్రూవరీ ప్రపంచానికే దారి చూపింది. అక్కడ పనిచేసిన విలియం గాసెట్, బార్లీ లాంటి ముడిసరుకుల నాణ్యతను కొద్దిపాటి నమూనాలతో నమ్మకంగా తేల్చే పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. స్టాటిస్టిక్స్ చదివే ప్రతి తెలుగు విద్యార్థీ నేర్చుకునే టీ టెస్ట్ అదే. బార్లీకి ఇంత కఠిన పరీక్ష పెట్టిన చోటు నుంచే, బీరు ఒంటికి మంచిదన్న మాట ఏ పరీక్షా లేకుండా గోడలెక్కింది. కాలం మీద నెపం వేయడానికి ఇక్కడ వీల్లేదు.

ప్రకటనల వాళ్ల చివరి సమర్థన మరొకటుంది. ఇవి కొత్తగా ఎవరినీ తాగుబోతును చేయవు, తాగేవాడు ఒక బ్రాండు వదిలి మరో బ్రాండు పట్టుకునేలా చేస్తాయి, అంతేనంటారు. దీనికి బ్రిటిష్ బీరు కంపెనీలే సమాధానం చెప్పాయి. 1933లో వాళ్ల సంఘం, బ్రూవర్స్ సొసైటీ, ‘బీరే మేలు’ అనే ప్రచారం మొదలుపెట్టింది. అందులో ఏ కంపెనీ పేరూ లేదు. పోటీదారులంతా కలిసి డబ్బు వేసుకుని బ్రాండు లేని పోస్టర్లు వేశారంటే బ్రాండు మార్పించడం కోసం కాదు కదా! బీరు రుచి ఎరగని లక్షలాది యువకులకు ఆ అలవాటు చేయడమే తమ ఉద్దేశమని సంఘం డైరెక్టర్ ఎడ్గర్ శాండర్స్ ఆ ఏడాదే బాహాటంగా చెప్పాడు. అమెరికాలోనూ అంతే. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం చవిచూసిన పరిశ్రమ, 1945 తరవాత బీరును ఇంటి వరండాలో, చుట్టాలు చేరిన సందడిలో, మంచి కుటుంబం మధ్యలో పెట్టి వరస బొమ్మలు అచ్చేయించింది. బీరు ఇంటికి చెందినదేనని వాటి సారం. కాగితం మీది బొమ్మకు, రాతకు అంత బలముందా అని సందేహించేవాళ్లు మన నెల్లూరు జిల్లానే గుర్తు చేసుకోవచ్చు. అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబం కథ చదివాకే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, రాష్ట్రమంతా కదిలింది. కాగితం రెండు వైపులా పనిచేస్తుంది.

ఫ్రాన్సు 1991లో తెచ్చిన ఎవాన్ చట్టం ఈ చరిత్రను బాగా చదువుకున్నవాళ్లు రాసినట్టుంటుంది. మద్యం ప్రకటనలో ఎంత ఘాటు, ఎక్కడ తయారైంది, దేనితో తయారైంది, ఎలా తయారైంది వంటి సరుకు వివరాలే ఉండాలంటుంది. అంటే కస్టర్‌కూ, టూకాన్‌కూ చోటు లేదు, సీసా మాత్రమే మాట్లాడాలి. మన దేశం మరో దారి పట్టింది. మన కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలనే నిషేధించాయి. దాంతో సీసా పూర్తిగా మాయమై పేరొక్కటే మిగిలింది. అదే అక్షరాల తీరు, అదే రంగు, అదే పక్షి, కింద మాత్రం ప్యాకేజ్డ్ నీళ్లనో, సోడా అనో, మ్యూజిక్ సీడీలనో చిన్న అక్షరాలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సిగ్నల్ దగ్గర ఆగి అలాంటి హోర్డింగ్‌ను తలెత్తి చూసే పిల్లవాడికి అది సోడా కాదని తెలుసు.