ప్రాణవాయువూ, యాభై అడుగుల గొట్టమూ

మనిషి ఆహారం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని దినాలు బ్రతకగలడు. ప్రాణవాయువు లేకుండా కొద్ది నిమిషాలైనా బ్రతకలేడు. అయినా ఊపిరి సక్రమంగా ఆడుతున్నంతకాలం ఆ వాయువు మన స్ఫురణకే రాదు. ఊపిరితిత్తులు బలహీనపడిన వారికి మాత్రం అది అనుక్షణం గుర్తుకు వచ్చే వస్తువు. పొగత్రాగే అలవాటు ఇందుకు ప్రధాన కారణమైనా, ఏనాడూ చుట్ట ముట్టని మన తల్లులు కూడా ఈ వ్యాధుల బారిన పడుతున్నారు. కట్టెల పొయ్యి ముందు, పిడకల పొగలో గడచిన సంవత్సరాలు వృద్ధాప్యంలో ఆయాస రూపంలో బయటపడడం వైద్యులు ఎరిగిన విషయమే.

డిట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న నోవై పట్టణంలోనూ, ఇటువంటి అమెరికా శివారు పట్టణాలన్నింటిలోనూ, తల్లిదండ్రులను తమవద్ద ఉంచుకున్న తెలుగు కుటుంబాలు అనేకం. వైద్యుడు ఇంట్లోనే ప్రాణవాయువు వాడమని వ్రాసి ఇచ్చిన నాడు యంత్రం వస్తుంది, దానితో పొడవైన గొట్టమూ వస్తుంది. యంత్రాన్ని గురించి అందరూ శ్రద్ధగా అడిగి తెలుసుకుంటారు. గొట్టాన్ని గురించి అడిగేవారు తక్కువ. కాని రోగి దినచర్యను శాసించేది ఆ గొట్టమే. అందుచేత ఈ వ్యాసంలో దానికే పెద్దపీట వేస్తున్నాను.

గంటల లెక్క ఎందుకు?

1980లో అమెరికాలోని 6 కేంద్రాలలో 203 మంది రోగులపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. పగలూ రాత్రీ కలిపి సగటున దాదాపు 18 గంటలు ప్రాణవాయువు తీసుకున్న వారితో పోలిస్తే, రాత్రివేళ 12 గంటలు మాత్రమే తీసుకున్న వారిలో మరణాలు సుమారు రెట్టింపు. మరుసటి సంవత్సరం బ్రిటన్ నుండి మరొక ఫలితం వచ్చింది. ప్రాణవాయువు ఇవ్వని 45 మందిలో 5 సంవత్సరాలలో 30 మంది మరణించగా, రోజుకు కనీసం 15 గంటలు ఇచ్చిన 42 మందిలో మరణించినవారు 19 మంది. 2024లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధనలో 24 గంటలు వాడమన్న వారికీ, 15 గంటలు వాడమన్న వారికీ ఏడాది కాలంలో ఆసుపత్రి పాలు కావడంలో గాని, మరణాలలో గాని తేడా కనిపించలేదు.

ఈ మూడింటినీ కలిపి చదివితే తేలే సారాంశం ఒకటే. రక్తంలో ప్రాణవాయువు తీవ్రంగా తగ్గినవారికి 15 గంటలకు తక్కువ కాకుండా చూడడం ముఖ్యం. ఎవరికి ఎన్ని గంటలు, నిమిషానికి ఎన్ని లీటర్లు అనేది వారి వైద్యుని నిర్ణయం. అయితే గొట్టం కాళ్ళకు అడ్డుపడుతున్నదనో, చెవులు ఒరుసుకుపోతున్నాయనో, వచ్చినవారు చూస్తారనో పెద్దలు దానిని తీసి పక్కన పెడుతుంటే, ఆ గంటలు మనకు తెలియకుండానే కరిగిపోతాయి.

యంత్రం చేసే పని

కాన్సెంట్రేటర్ అనే ఈ యంత్రం ప్రాణవాయువును తయారుచేయదు, గాలి నుండి వేరుచేస్తుంది. గాలిలో సుమారు 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు, దాదాపు ఒక పాలు ఆర్గాన్ ఉంటాయి. యంత్రంలోని రెండు స్తంభాలలో జియోలైట్ అనే రంధ్రమయమైన ఖనిజపు గుళికలు ఉంటాయి. 1940ల చివర యూనియన్ కార్బైడ్ సంస్థలో రాబర్ట్ మిల్టన్ కృత్రిమ జియోలైట్ల తయారీకి బాట వేశాడు. గాలిని ఒత్తిడితో పంపినప్పుడు జియోలైట్‌లోని ధనావేశ కణాలు నత్రజని అణువులను ప్రాణవాయువుకంటె బలంగా పట్టి ఉంచుతాయి. ఒత్తిడి తీసివేయగానే నత్రజని విడుదలై బయటికి పోతుంది. ఒక స్తంభం పట్టుకుంటుండగా రెండవది విడిచిపెడుతుంటుంది. యంత్రం నుండి వినిపించే నిట్టూర్పు వంటి శబ్దం ఇదే. ఆర్గాన్ ప్రాణవాయువుతోపాటే దాటిపోవడం వల్ల ఎంత మంచి యంత్రమైనా ఇచ్చే స్వచ్ఛత సుమారు 95 శాతాన్ని మించదు. 2021 వేసవిలో కోవిడ్ రెండవ విజృంభణలో ప్రవాసులు స్వదేశానికి పంపినవి ఈ జాతి యంత్రాలే.

ఇది గదిలోని గాలిని పీల్చి పనిచేస్తుంది కనుక అలమరలో, తెరల వెనుక, గోడకు ఆనించి ఉంచరాదు.

గొట్టం పొడవు, వెడల్పు

ముక్కుకు అమర్చే క్యాన్యులా సాధారణంగా 7 అడుగులు ఉంటుంది. దానికి 25 లేక 50 అడుగుల పొడిగింపు గొట్టం తగిలిస్తారు. మొత్తం 50 అడుగులను మించనివ్వవద్దని సామాన్య సలహా. ఇంత దూరం వాయువు వస్తుందా, ఆలస్యమవుతుందా అని చాలామందికి సందేహం. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు అనుకుంటే 50 అడుగుల గొట్టంలో పట్టే వాయువు సుమారు 300 మిల్లీలీటర్లు. నిమిషానికి 2 లీటర్ల ప్రవాహంలో అది నిండడానికి 9 సెకన్లు చాలు. ఆ ప్రవాహాన్ని నెట్టడానికి కావలసిన ఒత్తిడి సుమారు 7 సెంటీమీటర్ల ఎత్తు నీటి బరువుతో సమానం. యంత్రం ఇచ్చే ఒత్తిడి దీనికి అనేక రెట్లు. కనుక పొడవుకు భయపడి ప్రవాహాన్ని సొంతంగా పెంచరాదు. కొందరు రోగులలో అధిక ప్రాణవాయువు వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగత కమ్ముతుంది.

భయపడవలసినది వెడల్పు తగ్గడానికి. రక్తప్రవాహాన్ని అర్థం చేసుకోదలచి సన్నని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేసిన ఫ్రెంచి వైద్యుడు పోయిజెయ్ 1840 దశకంలో ఒక సూత్రాన్ని ప్రకటించాడు. పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. వ్యాసం సగమైతే మాత్రం అదే ఒత్తిడికి ప్రవాహం 16వ వంతుకు పడిపోతుంది. కుర్చీ కాలి క్రింద నలిగిన చోటు, తలుపు సందులో ఇరుకున్న చోటు, మెలిక పడిన చోటు ఎందుకు ప్రమాదకరమో దీనివల్ల బోధపడుతుంది. లోపల నక్షత్రాకారపు గాళ్ళున్న గొట్టం నలిగినా పూర్తిగా మూసుకుపోదు కనుక దానిని ఎంచుకోవడం మేలు.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. యంత్రం మీది పూస చూపేది యంత్రం నుండి బయలుదేరిన వాయువును మాత్రమే. గొట్టం మూసుకుపోతే పూస క్రిందికి దిగుతుంది. కాని మధ్యలో అతుకు ఊడితే పూస తన స్థానంలోనే ఉంటుంది, ముక్కుకు మాత్రం ఏమీ అందదు. దీనికి సులువైన పరీక్ష ఉంది. ముక్కు దగ్గర గొట్టాన్ని మడిచి గట్టిగా పట్టుకోండి. అతుకులన్నీ బిగుతుగా ఉంటే కొద్ది క్షణాలలో పూస దిగుతుంది, తేమనిచ్చే సీసా ఉంటే అది ఈల వేస్తుంది. ఏమీ జరగకపోతే ఎక్కడో కారుతున్నదని అర్థం. చాలాసార్లు ఆ దోషం తేమ సీసా మూత దగ్గరే దొరుకుతుంది. వాయువు వస్తున్నదా అనే సందేహం తీరడానికి క్యాన్యులా కొనలను గ్లాసెడు నీటిలో ముంచి బుడగలు చూసి, తుడిచి మరల పెట్టుకోవచ్చు.

నడకలో మెలకువలు

గొట్టం ముందు వైపు వ్రేలాడకుండా నడుము పక్కన దుస్తులకు క్లిప్పుతో పట్టించాలి. అప్పుడు గొట్టం ఎక్కడైనా తగులుకున్నా లాగుడు నడుము మీద పడుతుంది గాని ముక్కు మీద పడదు. మిగులును వదులు చుట్టలుగా ఎడమచేత పట్టుకొని, నడిచే కొద్దీ విడుస్తూ, తిరిగివచ్చేటప్పుడు పోగుచేసుకోవాలి. భోజనాల బల్ల చుట్టూ ప్రదక్షిణం చేయక వెళ్ళిన దారినే తిరిగి రావాలి. అతుకుల దగ్గర తిరిగే జోడింపులు వాడితే మెలికలు పడవు. ఆకుపచ్చ గొట్టం తివాచీ మీద స్పష్టంగా కనిపిస్తుంది. చీర కుచ్చిళ్ళ క్రింద గొట్టం కనబడదు కనుక మన స్త్రీలకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

మన ఇళ్ళలో పడకగదులు మేడమీద ఉండడం పరిపాటి. మెట్లమీద గొట్టం ఈడ్చడం అన్నిటికంటె ప్రమాదం. పెద్దల పడకను క్రిందికి మార్చడమో, పై అంతస్తుకు రెండవ యంత్రం గురించి సరఫరాదారుని అడగడమో మంచిది.

క్యాన్యులా కొనల వంపు క్రిందికి ఉండాలి. చెవుల వెనుక మెత్తని గుడ్డ చుడితే ఒరిపిడి తగ్గుతుంది. ముక్కుపుడకకు గొట్టం తగులుకుంటే కొంతకాలం దానిని తీసి ఉంచమని అమ్మను ఒప్పించడం మంచిది. ఈ గొట్టాలు సాధారణంగా పివిసి ప్లాస్టిక్‌తో చేసినవి. వాటికి మెత్తదనాన్ని ఇచ్చే ద్రవ్యం కాలక్రమేణా తగ్గడం వల్ల గట్టిపడి పచ్చబారుతాయి. మిషిగన్ చలిలో ఇంకా బిరుసెక్కుతాయి కనుక బయటికి వెళ్ళేటప్పుడు కోటు లోపలి నుండి తీసుకోవాలి. క్యాన్యులాను రెండు నుండి నాలుగు వారాలకు, పొడుగు గొట్టాన్ని సుమారు మూడు నెలలకు మార్చడం వాడుక. తేమ సీసాలో బట్టీపట్టిన నీరే పోయాలి. చల్లని నేలమీద గొట్టంలో నీటి చుక్కలు చేరితే విడదీసి ఆరబెట్టాలి.

దీపం, పోపు, కొబ్బరినూనె

ఆరబోతున్న పుల్లను ప్రాణవాయువు నిండిన జాడీలో పెడితే భగ్గుమనడం మనమందరం పాఠశాలలో చూసినదే. ప్రాణవాయువు తాను మండదు, మండే ప్రతి వస్తువునూ తీవ్రంగా మండిస్తుంది. దుస్తులలో, దుప్పటిలో, జుట్టులో చేరిన వాయువు కొంతసేపు అక్కడే నిలుస్తుంది. నిప్పు తగిలితే గొట్టమే వత్తిలా అంటుకొని లోపలికి మండుతూ పోగలదు. ఆ మంటను ఆపే చిన్న రక్షక కవాటాన్ని అతుకు దగ్గర అమర్చమని సరఫరాదారుని అడగాలి. ఆ ఇంటిలో పొగత్రాగడం పూర్తిగా నిషిద్ధం.

మన ఇళ్ళలో దీపం, అగరువత్తి, కర్పూరహారతి నిత్యకృత్యాలు. ఆలయంలో హారతి కళ్ళకద్దుకునే అలవాటు మనకు పుట్టుకతో వచ్చినది. ప్రాణవాయువు వాడేవారు జ్వాలకు కనీసం 10 అడుగుల దూరంలో కూర్చొని దర్శించుకోవాలి. పూజగదిలో విద్యుద్దీపం పెట్టుకోవచ్చు. గ్యాస్ పొయ్యి ముందు పోపు వేసే పని ఇంకొకరికి అప్పగించి, కూరలు తరగడం, ఉప్పూ పులుపూ నిర్ణయించడం అమ్మకే వదలితే వంటింటి పెత్తనం ఆమె చేతిలోనే ఉంటుంది. ముఖానికీ పెదవులకూ వేజలైన్, జుట్టుకు కొబ్బరినూనె వంటి జిడ్డు పదార్థాలు మానాలి. నీటితో చేసిన లేపనాలు వాడవచ్చు.

కరెంటు పోయినప్పుడు

2003 ఆగస్టు 14న ఈశాన్య అమెరికాను కమ్మిన చీకటిలో ఆగ్నేయ మిషిగన్ కూడా చిక్కుకున్నది. ఇక్కడ మంచుతుఫానులకు తీగలు తెగడమూ కొత్త కాదు. కరెంటు లేని కాన్సెంట్రేటర్ వట్టి పెట్టె. నిలువ సిలిండరు ఒకటి, దానికి సరిపడే చిన్న గొట్టం, తెరిచే తాళంచెవి ఒకేచోట ఉంచి, ఇంట్లో కనీసం ఇద్దరికి వాడడం నేర్పాలి. ఇంటిలో వైద్య యంత్రం ఉన్నదని విద్యుత్ సంస్థకు ముందుగా తెలియజేయాలి.

వేలికి తగిలించే ఆక్సిమీటరు ఉపయోగకరమే గాని దానినే పూర్తిగా నమ్మరాదు. మనకు సమీపంలోని ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఆక్సిమీటరు పసిగట్టని ప్రాణవాయువు లోపం శ్వేతజాతివారిలో కంటె నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ముదురు ఛాయ గల మనం కూడా అంకెతోపాటు ఆయాసాన్నీ, పెదవుల రంగునూ గమనించాలి.

చివరగా ఒక మనవి. ఆదివారం పదినిమిషాలు కేటాయించి గొట్టాన్ని చివరి నుండి చివరి వరకు చేతితో తడిమి చూడండి. అతుకులు బిగించండి, యంత్రం వడపోత గుడ్డ కడిగి ఆరబెట్టండి. ఈ పనిలో పిల్లలను చేర్చుకోండి. "తాతగారూ, ఆగండి, గొట్టం కుర్చీకి తగులుకుంది" అని చెప్పగల మనుమరాలు ఇంట్లో ఉంటే ఆ పెద్దాయన మంచం వద్దనే కట్టుబడి ఉండనక్కరలేదు. వంటింటికీ, కిటికీ దగ్గరికీ, నలుగురూ కూర్చున్న చోటికీ నిర్భయంగా నడిచి రాగలడు.