ఏటికి కాపలా ఎక్కడ కాయాలి?

అరణియార్ ఇసుక చీకటి పడ్డాక తమిళనాడు సరిహద్దు దాటుతోందన్నది సత్యవేడు ప్రాంతంలో ఏళ్ల తరబడి వినిపిస్తున్న ఫిర్యాదు. లారీలు చెక్‌పోస్టుల్లో పట్టుబడిన వార్తలు వస్తుంటాయి. తహసీల్దారుకు అర్జీలు వెళ్తుంటాయి. ఇవన్నీ ఇసుక ఏట్లోంచి బయటికొచ్చేశాక జరిగే పనులే.

అసలు నిర్ణయం అంతకు చాలా ముందే, పట్టపగలు, జిల్లా కేంద్రంలో జరిగిపోతుంది. ఏ ఏట్లో, ఎక్కడ, ఎంత లోతున ఇసుక తీయవచ్చో తేల్చే కాగితానికి జిల్లా సర్వే నివేదిక అని పేరు. కేంద్ర పర్యావరణ శాఖ 2016 జనవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దాని ముసాయిదా ప్రతిని కలెక్టరేట్‌లో ఉంచాలి, జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి, 21 రోజుల పాటు ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలి. ఆ 21 రోజుల్లో ఏ ఊరి నుంచీ ఒక్క కాగితమూ వెళ్లకపోతే ముసాయిదాలో రాసిందే ఖాయమవుతుంది. ఆపైన ఇసుక తవ్వే రీచ్‌లు దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఏటిగట్టున రాత్రి కాపలా కాసే పౌరుషం మన ఊళ్లలో ఉంది. ఆ 21 రోజుల కాపలా మాత్రం లేదు. ఏటికి ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే.

ఇసుకలో దాగే నీళ్లు

అరణియార్ పెద్ద నది కాదు. చిత్తూరు కొండల్లో పుట్టి, పిచ్చాటూరు జలాశయంలో ఆగి, నాగలాపురం, సత్యవేడు మండలాల పక్కగా సాగి, శివుడు శయనించిన భంగిమలో ఉండే సురుటుపల్లి పల్లికొండేశ్వరుడి గుడిని ఒరుసుకుంటూ తమిళనాడులోని ఊత్తుకోటకు చేరుతుంది. చివరికి పులికాట్ సరస్సులో కలుస్తుంది. పిచ్చాటూరు జలాశయం నిండుకుండ అయినా పట్టేది 1.85 టీఎంసీలే. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన ఏడు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఏరు పొంగి ఊత్తుకోట దారి ఆగిపోతుంది. మిగతా నెలల్లో కంటికి కనిపించేది ఇసుకే.

ఆ ఇసుకలోనే ఈ ప్రాంతపు నీళ్లుంటాయి. చెలమ తీసి కడవ నింపుకున్నవాళ్లకు, ఊట కాలువ కింద మడి పెట్టినవాళ్లకు ఇది పుస్తకాల్లో చదవాల్సిన సంగతి కాదు. వాన నీళ్లు ఇసుక పొరల్లోకి ఇంకి, ఎండ తగలకుండా నిలిచి, మెల్లగా పక్క పొలాల బావుల్లోకి దిగుతాయి. ఇసుకను బంకమట్టి పొర దాకా తోడేస్తే వచ్చిన వరద ఆగకుండా పులికాట్‌కు పారిపోతుంది. ఏటి మట్టం దిగిన కొద్దీ ఒడ్డున భూగర్భ జలమూ ఏటి వైపు జారుతుంది. ముందు బావి ఎండుతుంది, తర్వాత బోరు లోతు పెంచాలి, ఆ తర్వాత అప్పు. ఏట్లో జేసీబీ దిగిన రోజుకూ, రైతు మూడో బోరు వేయించిన రోజుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి కాబట్టి ఆ రెంటికీ ఉన్న సంబంధం ఏ రికార్డులోనూ కనిపించదు.

ఇదే నేల మీదుగా మరో నీరు కూడా పోతుంది. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో కండలేరు నుంచి పూండికి వెళ్లే తెలుగు గంగ కాలువ. 1996లో చెన్నై గొంతు తడపడం మొదలుపెట్టిన కృష్ణా జలాలవి. దాహంతో ఉన్న నగరానికి నీళ్లివ్వడాన్ని ఇక్కడెవరూ తప్పుపట్టరు. అయితే అదే నగరం భవనాలకు ఇసుక కూడా కావాలి. తిరుపతి ఎంత దూరమో చెన్నై ఇంచుమించు అంతే దూరం. ధర చెన్నైలోనే ఎక్కువ. ఆ ధర ఉన్నంతకాలం ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ పాలసీ తెచ్చినా అరణియార్ మీద ఒత్తిడి తగ్గదు. 2024 జులై 8న మొదలైన ఉచిత ఇసుక విధానం వినియోగదారుడికి భారం తగ్గించేందుకు వచ్చింది. పక్క రాష్ట్రాలకు ఇసుక తరలించకూడదన్న నిషేధాన్ని అదీ కొనసాగించింది. నిషేధం ఎప్పుడూ ఉంది. ఎంత తీశారు, ఎక్కడికి పోయింది అని లెక్క అడిగేవాళ్లే తక్కువ.

అరణియార్ నుంచి చెన్నై బెంచికి

ఆ లెక్క అడిగిన సందర్భం ఒకటుంది, ఇక్కడి ఏటి గురించే. 2021 మేలో రాష్ట్రం మొత్తం ఇసుక తవ్వకాల కాంట్రాక్టు జయప్రకాష్ పవర్ వెంచర్స్ చేతికి వెళ్లింది. అరణియార్‌లో తవ్వకాలు నిబంధనలు దాటాయంటూ చిత్తూరు జిల్లా వాసి ఒకరు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల బెంచిని ఆశ్రయించారు. 2023 మార్చిలో బెంచి ఆదేశం వచ్చింది. యంత్రాలు వాడుతున్న 110 రీచ్‌లలో మళ్లీ పర్యావరణ అనుమతి తీసుకునేదాకా తవ్వకాలు ఆపాలని చెప్పింది. కంపెనీకి రూ.18 కోట్ల జరిమానా వేసింది.

చెన్నైకి వెళ్లొచ్చిన ఒక అర్జీ రాష్ట్రమంతటి ఇసుక వ్యవహారాన్ని నిలబెట్టి అడిగింది. దాన్ని తక్కువ చేయకూడదు. 2024లో మరో ఆంధ్రవాసి వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రంలో అక్రమ తవ్వకాలు తక్షణం ఆపాలంది. కానీ ఆదేశం వచ్చేనాటికి పోయిన ఇసుక పోయింది. ఏటి గర్భం మళ్లీ పూడాలంటే ఎన్ని వరదలు రావాలో జరిమానా రశీదు చెప్పదు. కోర్టు గెలుపు గొప్పదే, అయినా ఏరు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

ఇసుక మీద చట్టాలు, తీర్పులు నిన్నమొన్న మొదలైనవి కావు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా), దాని నిబంధనలు చిన్న వాగుల ఇసుకను ఒడ్డు ఊళ్ల అవసరాలకే పరిమితం చేశాయి. వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు తవ్వకూడదన్నాయి. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు లీజులకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. అంతకుముందు పెద్ద మేటను చిన్న ముక్కలుగా కోసి అనుమతి తప్పించుకునేవాళ్లు. ఇక 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది: ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో తేల్చే అధ్యయనం లేకపోతే జిల్లా సర్వే నివేదికే చెల్లదు, దాని ఆధారంగా ఇచ్చిన అనుమతీ నిలవదు. అరణియార్ ఒడ్డున ఉన్న ప్రతి పంచాయతీ తెలుసుకోవాల్సిన తీర్పు ఇది. వచ్చేదెంత అని తెలియకుండా తీసేదెంత అని రాయడానికి ఇప్పుడు ఏ అధికారికీ వీల్లేదు.

ఏర్పేడు మర్చిపోకూడదు

ఇదే జిల్లాలో స్వర్ణముఖి ఒడ్డున మునగలపాలెం ఉంది. ఏట్లో అక్రమంగా ఇసుక తవ్వుతున్నారని మొరపెట్టుకోవడానికి ఆ ఊరి రైతులు 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీస్ స్టేషన్‌కు వచ్చారు. స్టేషన్ ముందు గుమిగూడిన జనం మీదికి ఒక లారీ దూసుకొచ్చింది. పదిహేను మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత సస్పెన్షన్లు జరిగాయి, పరిహారాలు ప్రకటించారు, నాయకులు వచ్చి వెళ్లారు.

లారీ ఎందుకు అదుపు తప్పింది అన్నది వేరే సంగతి. ఆ రోజు పొలాల్లో ఉండాల్సిన మనుషులు జాతీయ రహదారి పక్కన, ఎండలో, స్టేషన్ ముందు ఎందుకు నిలబడాల్సి వచ్చింది అన్నదే నన్ను వదలని ప్రశ్న. వాళ్ల ఏటి గురించి వాళ్లను ముందే అడిగి ఉంటే, అడిగినప్పుడు చెప్పింది రాసుకుని ఉంటే, ఆ ఊరు రోడ్డెక్కే పనే ఉండేది కాదు. ఊరి మాటకు కాగితంలో చోటు లేనప్పుడే జనం ఒళ్లు అడ్డం పెట్టాల్సి వస్తుంది. ఆ దుస్థితి ఇంకో ఊరికి రాకూడదు.

కాగితంలో చోటు ఎక్కడుంది?

ఉంది. చాలా చోట్ల ఉంది. వాడుకునేవాళ్లు లేక బీడు పడి ఉంది.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణనే తీసుకోండి. 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో ప్రతులు చూసుకునే వీలుండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. ముగింపులో ఎవరేం మాట్లాడారో రాసిన కాగితాన్ని జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాకే అధికారి సంతకం చేయాలి. ఈ చివరి నిబంధన బంగారం లాంటిది, అయినా సభ అయ్యీ కాగానే జనం కుర్చీల్లోంచి లేచి బస్సుకు పరిగెత్తడం వల్ల నీరుగారిపోతోంది. మీరు చెప్పింది అందులో ఉందో లేదో విని కదలండి. లేకపోతే రాయించండి. ఇంకో సంగతి, ఈ సభకు కోరం లేదు. పది మంది వచ్చినా ప్రజాభిప్రాయం పూర్తయినట్టే లెక్క. మనం రాకపోవడం నిరసన కింద జమ కాదు.

సత్యవేడుకు ఇది మరీ అవసరం. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన శ్రీసిటీ ఇప్పుడు దేశ విదేశాల కంపెనీలున్న పారిశ్రామిక నగరం. ఈ ప్రాంతపు ఆడపిల్లలు జీతం తెచ్చుకుని ఇంటిని నిలబెడుతున్నారంటే అందులో దాని పాలు పెద్దది. పరిశ్రమలు వద్దనడం నా మాట కాదు. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి, ఆ నివేదిక బహిరంగ పత్రం. నీళ్లెక్కడివి, వ్యర్థ జలం ఎక్కడికి పోతోంది, ఎన్ని చెట్లు నాటారు అని అందులో రాసి ఉండాలి. ఇంటర్ చదివిన పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో చదివేయగలరు. చదివి, ఊళ్లో కనిపిస్తున్నదానితో సరిచూడటం నేరమూ కాదు, వ్యతిరేకతా కాదు.

సమాచార హక్కు చట్టం గురించి అందరికీ తెలుసనుకుంటాం. 2005 నాటి ఆ చట్టంలో ఎక్కువమంది వాడని నిబంధన ఒకటుంది. కాగితాల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడుతున్న సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

గ్రామసభలదీ అదే కథ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. ఉపాధి హామీ పనులు చర్చించారు. ఒక్క రోజులో అన్ని ఊళ్లను కూర్చోబెట్టగలిగిన యంత్రాంగం ఇసుక సర్వే ముసాయిదాను ఏటి ఒడ్డు పంచాయతీల్లో చదివి వినిపించలేదా? వెబ్‌సైట్‌లో ఏదో మూల ఇంగ్లిషు పీడీఎఫ్ పెట్టి 21 రోజులు గడిపేయడం నోటిఫికేషన్‌ను అక్షరాలా పాటించడమే కావచ్చు. రైతుకు చెప్పినట్టు మాత్రం కాదు.

అరణియార్ చివర ఉన్న పులికాట్ వైపు చూడండి. కాట్టుపల్లి రేవు విస్తరణ మీద తమిళనాడు మత్స్యకారులు ఏళ్లుగా పోరాడుతున్నారు. పడవలతో నిరసన చేశారు, దాంతో పాటు ప్రభావ అంచనా నివేదికను కూర్చుని చదివి, పేజీ పేజీకి అభ్యంతరాలు రాశారు. 2023 సెప్టెంబరు 5న జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. మన ఏటి నీళ్లు కలిసే సరస్సు ఒడ్డున జరిగిన పని ఇది.

దూరం అనే సాకు కూడా సత్యవేడుకు లేదు. హరిత ట్రైబ్యునల్ బెంచి చెన్నై చేపాక్‌లో ఉంది. పరిహారం అడగని అర్జీకి రుసుము వెయ్యి రూపాయలు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. వివాదం మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లో మామూలు అర్జీ వేయాలి. తేదీ తెలియకపోతే హక్కు ఉన్నా లేనట్టే. అందుకే అనుమతి పత్రం మీది తేదీని ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి.

సత్యవేడు మండలంలోని పంచాయతీలకు, అరణియార్ ఒడ్డు రైతు సంఘాలకు, ఇక్కడి కాలేజీ పిల్లలకు నా విన్నపం ఒక్కటే. సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడ ఒక అర్జీ ఇవ్వండి. జిల్లా సర్వే నివేదిక తాజా ప్రతి కావాలని, అందులో అరణియార్‌కు ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో తేల్చిన అధ్యయనం ఏ పేజీలో ఉందో చూపించాలని, వచ్చే ముసాయిదాను తెలుగులో గ్రామ సచివాలయం బోర్డు మీద 21 రోజులు ఉంచాలని రాయండి. రశీదు తీసుకుని దాచండి.