‘అన్‌ఫిట్’ అంటే ఏ పనికి?

జబ్బు నయమై డ్యూటీలో చేరబోతే మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అని రాసిచ్చిందనుకోండి. పెద్ద డాక్టర్లు చెప్పాక ఇంకేముందిలే అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి డాక్టరు తేల్చేది ఈ ఒంటితో ఫలానా పని చేయగలరా లేదా అన్నంతవరకే. ఆ మనిషిని ఇంకో పనిలో పెట్టవచ్చా అన్నది యాజమాన్యం తేల్చాలి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొడితే ప్రశ్నించి తీరాలి.

ఇందుకు మన ఆర్టీసీ కేసే సాక్ష్యం. 2014లో డ్రైవరుగా చేరిన ఒకరికి రంగులు సరిగా కనిపించవని తేలింది. 2016 జనవరిలో సంస్థ ఆయన్ను ఇంటికి పంపింది; బస్సు నడపని పని ఏదైనా ఇమ్మంటే కాదంది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. కంటి పరీక్ష తప్పని కోర్టు అనలేదు. ఇలాంటి డ్రైవర్లకు వేరే పని ఇస్తామని 1979లోనే కార్మికులతో ఒప్పందం ఉంది కదా, అసలు వెతికారా అని నిలదీసింది. ఎనిమిది వారాల్లో తగిన ఉద్యోగం, పాత జీతం, బకాయిల్లో పాతిక శాతం ఇమ్మంది. ఇక సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ ఉంది. ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పోస్టు చూపాలి, లేకుంటే సూపర్‌న్యూమరరీ, అంటే అదనంగా సృష్టించిన, పోస్టులో ఉంచాలి.

మరి ప్రయాణికుల ప్రాణాల మాటేమిటంటారా? మూర్ఛ వచ్చే మనిషి చేతికి స్టీరింగ్ ఇమ్మని ఎవరూ అడగరు. కానీ ఆ భయం డ్రైవింగ్ సీటుకే వర్తిస్తుంది, డిపో ఆఫీసులో కుర్చీకి వర్తించదు. ఇక బోర్డుకు జవాబుగా సొంత డాక్టరు సర్టిఫికెట్ తెస్తే, ఆయన రోగి పక్షమే రాస్తారన్న అనుమానంలో మాత్రం కొంత నిజముంది. ‘కోలుకున్నారు, పనికి వెళ్లవచ్చు’ అన్న ఒంటి వాక్యపు సర్టిఫికెట్‌కు అందుకే విలువ ఉండదు. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, నైట్ డ్యూటీ కుదురుతుందా, ఈ జాగ్రత్తలు ఎన్ని నెలలు అన్నది విడివిడిగా రాయించుకోవాలి. కండక్టరైతే బ్యాగు, టికెట్ మిషన్ పట్టుకుని కదిలే బస్సులో ఎన్ని గంటలు నిలబడాలో కూడా చేర్చాలి. పనిని పేరుతో కాకుండా ఇలా విప్పి చెబితేనే బోర్డు అభిప్రాయంలో ఏది నిలుస్తుందో, ఏది తేలిపోతుందో బయటపడుతుంది.

ప్రైవేటు ఉద్యోగులకు 20(4) వర్తించదు. వాళ్లు ముందుగా అపాయింట్‌మెంట్ ఆర్డరు, కంపెనీ నిబంధనలు, యూనియన్ ఒప్పందాలు చూసుకోవాలి. ఎక్కడ పనిచేసినా సరే, అన్‌ఫిట్ అనడానికి కారణాలు రాతపూర్వకంగా అడగండి. మళ్లీ పరీక్షించమనీ, వేరే పని చూపమనీ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అది తేలేదాకా స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టకండి.