కోడెను కాడికి కట్టే ముందు: ఒక్కసారికి ఒక్కటే కొత్తది

చిన్న వయసు గుర్రాన్ని పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పే రీల్స్ మీరు చూసే ఉంటారు. మధ్యలో ట్రైనర్, చేతిలో ఏడెనిమిది మీటర్ల తాడు. మంచి ట్రైనర్ మొదటి రోజే జీను, కళ్లెం, పక్క పగ్గాలు అన్నీ తగిలించడు. ముందు తాడు, మాట. అవి అలవాటయ్యాక నడుముకు పట్టీ. పక్క పగ్గాలు చివర్లో, అవీ బాగా వదులుగా.

మన అనంతపురంలో గుర్రాలెక్కడివి బ్రో అంటారా? కోడెలున్నాయి కదా. లెక్క అదే.

ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. జూన్, జూలైలో పదును దొరికిన ఆ కొన్ని రోజుల్లోనే వేరుశనగ విత్తాలి. విత్తడానికి ట్రాక్టర్ బాడుగకు దొరికినా, మొలిచాక సాళ్ల మధ్య గుంటక తోలాలంటే చాలామందికి ఎద్దులే. సమస్య ఎక్కడొస్తుందంటే, వాన పడ్డాక హడావిడిగా కోడెను తెచ్చి, ఒకే వారంలో ముకుతాడు, కాడి, గొర్రు మూడూ వేసేస్తారు. అది బెదురుతుంది, మెడ కమిలి పుండు పడుతుంది. పదును ఆరిపోతుంది. ఆ తర్వాత కాడి కనిపిస్తేనే వెనక్కి లాగే కోడెకు సంతలో రేటు ఎంత పలుకుతుందో మీకే తెలుసు.

అందుకే ఏరువాకకు రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. కోడె రెండు పళ్లు వేసి, ఒళ్లు గట్టిపడి ఉంటే చాలు.

మొదట తలతాడు. రోజూ పట్టుకుని నడిపించడం, మెడ, వీపు, కాళ్లు నిమరడం, నిలబడు, నడువు అనే మాటలు అలవాటు చేయడం. ముకుతాడు పశువుల డాక్టర్‌తో వేయించండి. పుండు పూర్తిగా మానేదాకా దాన్ని లాగొద్దు. నా అభిప్రాయం ఏంటంటే, ఎక్కువ కోడెలు పాడయ్యేది ఇక్కడే. మాటతో ఆగే అలవాటు లేని కోడెను ముక్కుతో ఆపుతారు, ఇక జీవితాంతం ముక్కుతోనే ఆపాలి.

తర్వాత ఖాళీ కాడి, పక్కన నెమ్మదైన పాత ఎద్దు. ఎత్తు సరిపోవాలి. తేడా ఎక్కువుంటే కాడి వాలి, బరువంతా పొట్టిదాని మెడ మీదే పడుతుంది. కోడెను దాపట కడితే రోజూ దాపటే, ఎలపట కడితే రోజూ ఎలపటే. మొదట్లో పావుగంట చాలు. సాయంత్రం మెడ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా, వాపుగా ఉంటే తగ్గేదాకా కాడి వద్దు.

కాడితో మామూలుగా నడుస్తున్నప్పుడు వెనక చిన్న మొద్దు కట్టండి. ఇక్కడ కొత్తది బరువు ఒక్కటే కాదు, వెనక నుంచి వచ్చే శబ్దం కూడా. కాబట్టి ముందు మనిషి ఆ మొద్దును పక్కన లాగుతూ నడవాలి, కోడె దాన్ని చూడాలి, వినాలి. కోడ్‌లో ఒకేసారి ఐదు మార్పులు చేస్తే బగ్ ఎక్కడుందో తెలీదు కదా, ఇదీ అంతే. బెదిరిందా? చివరగా కలిపినదాన్ని తీసేసి, ముందు మెట్టుకు వెళ్లండి.

ములుకోల మాత్రం ఇంట్లోనే పెట్టకండి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొనదేలిన కర్రతో పశువును తోలడం నేరం. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి లాగించకూడదని, బరువు మోయించకూడదని కూడా అందులోనే ఉంది. మన ఎండాకాలంలో అంటే పొద్దున్నే తోలుకుని, ఎండ ఎక్కేలోపు విప్పేయాలి. బరిగె చేతిలో ఉండొచ్చు, దారి చూపడానికి.

గుంటక ఆఖరున. మొదటిసారి పంట లేని మెత్తటి చేలో, పైకి, తక్కువ లోతులో తోలండి. వేరుశనగ సాళ్లలోకి దించేది కోడె తిన్నగా నడిచి, మలుపు దగ్గర మాటకే తిరిగినప్పుడు. ఈ ఏడాది అంతవరకు రాకపోతే గుంటకకు పక్కింటి ఎద్దులు అడిగి తోలుకోండి, కోడెను మొద్దు దగ్గరే ఉంచండి.